లోపం చర్మంలోనా, చర్మాన్ని చేరేదానిలోనా?

వైద్యుడు రోగి ఒంటి నుంచి తీసి పంపే చర్మపు ముక్క సాధారణంగా 4 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. చొక్కా గుండీలో సగమైనా ఉండదు. గులాబీ రంగు పోషక ద్రవంలో మునిగి, మంచులో పెట్టిన చిన్న గొట్టంలో అది ప్రయోగశాలకు చేరుతుంది. చర్మవ్యాధుల మీద పరిశోధన చేసిన సంవత్సరాలలో అటువంటి గొట్టాలను నేను ఎన్నో తెరిచాను. ఆ ముక్కను డిస్పేస్ అనే ఎంజైములో వేసి, 4 డిగ్రీల చలిలో ఒక రాత్రంతా ఉంచితే, తెల్లవారేసరికి పైపొర కింది పొరను వదలడానికి సిద్ధంగా ఉంటుంది. సన్నని పటకారుతో అంచు పట్టుకుని లాగితే తడిసిన పలుచని కాగితంలా ఊడివస్తుంది. పైపొర ఒక పళ్లెంలోకి, కింది పొర మరొక పళ్లెంలోకి వెళ్తాయి. ఈ పని చేసిన ప్రతిసారీ నన్ను వెంటాడిన ప్రశ్న ఒకటే: ఇప్పుడు నేను విడదీసిన ఈ రెండింటిలో రోగం ఎటు వెళ్లింది? పైపొరతో వచ్చిందా, కింది పొరలో ఉండిపోయిందా, లేక ముక్కను కోసిన క్షణంలోనే రక్తంతోపాటు రోగి ఒంట్లోనే నిలిచిపోయిందా?

చర్మవ్యాధి కంటికి కనిపిస్తుంది కాబట్టి దాని కారణం కూడా ఆ దగ్గరలోనే దొరుకుతుందని అనుకోవడం సహజం. కానీ ఏ కష్టం వచ్చినా చర్మం చేయగలిగిన పనులు నాలుగైదే. అది ఎర్రబడుతుంది, పొలుసులు రాలుస్తుంది, పొక్కుతుంది, దురద పెడుతుంది, రంగు కోల్పోతుంది. పూర్తిగా వేరువేరు కారణాలు ఒకే రకమైన మచ్చగా బయటపడతాయి; ఒకే కారణం ఇద్దరిలో రెండు రూపాలు ధరిస్తుంది. 'రక్తం చెడింది' అనే మాట మన వాడుకలో ఉంది. దానికి ఎదురుగా, లోపమంతా చర్మకణాలదేనన్న అభిప్రాయం వైద్యులలో చాలాకాలం బలంగా నిలిచింది. రెండూ కొన్ని వ్యాధులలో నిజమే, కొన్నింటిలో కాదు. ఏ వ్యాధిలో ఏది నిజమో తేల్చడానికి సూక్ష్మదర్శినిలో ఎంతసేపు చూసినా సరిపోలేదు. అనుమానం ఉన్న ఒక్క వస్తువును, అది సీరం (రక్తం గడ్డకట్టాక పైకి తేరే ద్రవం) కావచ్చు, జన్యువు కావచ్చు, చర్మపు ముక్క కావచ్చు, దాని చోటు నుంచి తీసి మరొకచోట పెట్టి, రోగం దాని వెంట వెళ్లిందా లేదా అని చూసిన ప్రయోగాలే ఆ పని చేశాయి. నా దృష్టిలో చర్మవ్యాధుల పరిశోధనలో అన్నిటికన్నా విలువైనవి అవే.

పెంఫిగస్ వల్గారిస్ అనే వ్యాధిని తీసుకుందాం. ఇందులో నోటిలోనూ ఒంటిమీదా పలుచని బొబ్బలు లేచి, చిట్లి, మానని పుళ్లుగా మిగులుతాయి. కార్టికోస్టెరాయిడ్లు రాకముందు ఈ వ్యాధి వచ్చినవారిలో ఎక్కువమంది దానితోనే మరణించేవారు. బొబ్బ నుంచి తీసిన ముక్కను సూక్ష్మదర్శిని కింద చూస్తే పైపొర కణాలు ఒకదానినొకటి వదిలేసి విడివిడిగా తేలుతూ కనిపిస్తాయి. ఎందుకు వదిలేశాయో మాత్రం ఆ దృశ్యం చెప్పదు. 1964లో అమెరికాలోని బఫెలోలో ఎర్నెస్ట్ బ్యూట్నర్, రాబర్ట్ జోర్డన్ అనే ఇద్దరు, ఈ రోగుల సీరంలో పైపొర కణాల సందులలో అంటుకునే ప్రతిరక్షకాలు, అంటే మామూలుగా క్రిములను పట్టుకోవడానికి ఒళ్లు తయారుచేసే ప్రోటీన్లు, ఉన్నాయని ప్రతిదీప్తి (వెలిగే రంగు అంటించి చూసే) పద్ధతి ద్వారా చూపారు. ఆ పరీక్షను నేను మొదటిసారి చేసినప్పుడు, చీకటి గదిలో ప్రతి కణం చుట్టూ ఆకుపచ్చని గీత వెలిగి, మొత్తం కలిసి చేపల వలలా కనిపించిన దృశ్యం ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది.

అయినా అక్కడ ఒక సందేహం మిగిలే ఉంది. ప్రతిరక్షకాలు కణాలను విడదీశాయా, లేక కణాలు మరేదో కారణంతో విడిపోయాక బయటపడిన పదార్థాలను చూసి ఒళ్లు ప్రతిరక్షకాలను తయారు చేసుకుందా? కాలిన గాయాల తరువాత కూడా రక్తంలో ఇటువంటి ప్రతిరక్షకాలు కనిపించవచ్చు కాబట్టి ఈ సందేహం తేలికగా తోసిపుచ్చదగినది కాదు. 1982లో గ్రాంట్ అన్‌హాల్ట్ బృందం రోగుల రక్తం నుంచి ఐజీజీ రకం ప్రతిరక్షకాలను వేరుచేసి, అప్పుడే పుట్టిన చిట్టెలుక పిల్లలకు ఎక్కించింది. ఆ పిల్లల చర్మం మీద అవే బొబ్బలు, అదే పొరలో, అదే తీరులో లేచాయి. రోగం సీరంతోపాటు ప్రయాణం చేసింది, కాబట్టి లోపం చర్మానిది కాదు. 1991లో మసయుకి అమగాయి, జాన్ స్టాన్లీ కలిసి ఆ ప్రతిరక్షకాలు పట్టుకునే ప్రోటీను ఏదో గుర్తించారు. ఇప్పుడు దానిని డెస్మోగ్లీన్ 3 అంటున్నాము. పక్కపక్క కణాలను కలిపి ఉంచే కొక్కేలలో అది ఒకటి.

ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఆ తరువాత వచ్చింది. పసిపిల్లలలో స్టెఫిలోకాకస్ అనే బాక్టీరియా వల్ల, ఒళ్లు వేడినీళ్లతో కాలినట్టుగా పైచర్మం ఊడిపోయే వ్యాధి ఒకటి ఉంది. పెంఫిగస్‌లోనే పైపైన మాత్రమే బొబ్బలు లేచే మరొక రకంలో ప్రతిరక్షకాలు డెస్మోగ్లీన్ 1 అనే ప్రోటీనును పట్టుకుంటాయి. ఈ రెండు వ్యాధులలోనూ చర్మం చీలే చోటు ఒకటే అన్న పోలికను పట్టుకుని అమగాయి బృందం పరిశోధించి, బాక్టీరియా విడిచే విషం సరిగ్గా ఆ డెస్మోగ్లీన్ 1నే కత్తిరిస్తుందని 2000లో చూపింది. ఒకటి అంటువ్యాధి, మరొకటి ఒళ్లు తనపై తానే చేసుకునే దాడి. తెగేది మాత్రం ఒకే కొక్కెం. ఇది తెలిశాక చికిత్స ఆలోచనే మారిపోయింది. ప్రతిరక్షకాలను తయారుచేసే వంశపు బి-కణాలను తొలగించే రిటుక్సిమాబ్ మందుకు 2018లో అమెరికాలో పెంఫిగస్ చికిత్సకు అనుమతి వచ్చింది. అంతకు రెండేళ్ల ముందు, డెస్మోగ్లీన్ 3 ముక్కను రోగనిరోధక వ్యవస్థ సైనికులైన టి-కణాల మీద ఎరగా అమర్చి, దానిని పట్టుకోవడానికి వచ్చే బి-కణాలను మాత్రమే చంపి, మిగిలినవాటిని వదిలిపెట్టే పద్ధతిని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు చిట్టెలుకలలో నిరూపించారు. మొత్తం రోగనిరోధక శక్తిని అణచకుండా తప్పు చేసిన కణాలనే ఏరివేయాలన్న ఆశ ఆ వ్యాసం చదివినప్పుడు నాకు మొదటిసారి నమ్మదగినదిగా తోచింది.

బొబ్బలు లేచే వ్యాధులన్నీ ఇటువంటివేనని అనుకుంటే పొరపాటే. ఎపిడెర్మోలిసిస్ బులోసా సింప్లెక్స్ అనే పుట్టుకతో వచ్చే వ్యాధిలో కాస్త రాపిడి తగిలితే చాలు, పిల్లల చేతులూ కాళ్లూ పొక్కిపోతాయి. సాధారణంగా జన్యు పరిశోధకులు వ్యాధి ఉన్న కుటుంబాల దగ్గర మొదలుపెట్టి, జన్యువు వైపు ప్రయాణిస్తారు. షికాగో విశ్వవిద్యాలయంలో ఎలైన్ ఫ్యూక్స్ బృందం దీనికి ఎదురుదారిలో నడిచింది. చర్మకణాల లోపల దూలాల్లా నిలబడే కెరటిన్ 14 అనే ప్రోటీను చెడితే ఏమవుతుందో చూద్దామని, చెడిపోయిన ఆ జన్యువును చిట్టెలుకలలో ప్రవేశపెట్టారు. ఆ ఎలుకల చర్మం పొక్కింది, అదీ కణాల సందులో కాకుండా అడుగు వరస కణాల లోపలే చీలి పొక్కింది. ఈ తీరు మనుషులలో ఏ వ్యాధిని పోలి ఉందని వెతికి, ఈ వ్యాధిని గుర్తించి, రోగుల జన్యువులలో నిజంగానే కెరటిన్ 14 లోపాలు ఉన్నాయని 1991లోనే చూపారు. జబ్బు పేరు తెలియకముందే దాని కారణం చేతికి దొరికిన సందర్భాలు వైద్యచరిత్రలో ఎక్కువ లేవు. ఇక్కడ లోపం పూర్తిగా చర్మకణానిదే. సీరాన్ని ఎంత మార్చినా ఈ బొబ్బ ఆగదు.

ఈ రెండు వ్యాధుల సంగతి కనీసం స్పష్టంగా తేలింది. సోరియాసిస్ మాత్రం పరిశోధకులను దశాబ్దాలపాటు తప్పుదారి పట్టించింది. ఆరోగ్యంగా ఉన్న చర్మంలో అడుగున పుట్టిన కణం పైకి చేరి రాలిపోవడానికి సుమారు 4 వారాలు పడితే, సోరియాసిస్ మచ్చలో ఆ ప్రయాణం కొద్ది రోజులలోనే ముగుస్తుంది. అందుకే ఇది కణవిభజన అదుపు తప్పిన చర్మకణాల వ్యాధి అని అందరూ నమ్మారు. 1951లో రిచర్డ్ గబ్నర్ కీళ్లవాతం రోగులకు అమినోప్టెరిన్ ఇస్తూ, వారిలో సోరియాసిస్ ఉన్నవారి మచ్చలు కరిగిపోవడం గమనించినప్పుడు ఆ నమ్మకం ఇంకా బలపడింది, ఎందుకంటే అది కణవిభజనను ఆపే మందు. అమినోప్టెరిన్, దాని వెంట వచ్చిన మెథోట్రెక్సేట్ లెడర్లీ ప్రయోగశాలలలో యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో రూపుదిద్దుకున్నవి. ఆయన 1948లోనే కన్నుమూశారు. కాన్సర్ కోసం తన బృందం చేసిన మందు లక్షల మంది చర్మానికీ కీళ్లకూ ఊరటనిస్తుందని ఆయనకు తెలియకుండానే పోయిందని తలచుకున్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

మందు పనిచేసింది కానీ, అది ఎందుకు పనిచేసిందన్న వివరణ తప్పు. 1979లో ముల్లర్, హెర్మన్ అనే వైద్యులు, మార్పిడి చేసిన అవయవాన్ని శరీరం తిరస్కరించకుండా వాడే సైక్లోస్పోరిన్‌ను కీళ్లవ్యాధి ఉన్న సోరియాసిస్ రోగులకు ఇచ్చినప్పుడు మచ్చలు త్వరగా తగ్గాయి. ఆ మందు ప్రధానంగా అణచేది టి-కణాలను. అప్పటినుంచి చర్మకణం మీద ఉన్న అనుమానం టి-కణం మీదికి మళ్లింది. నిర్ధారణకు మళ్లీ తరలింపు ప్రయోగమే కావలసివచ్చింది. రోగి ఒంటిమీద మచ్చ లేని చోటు నుంచి మామూలుగా కనిపించే చర్మాన్ని తీసి, సొంత రోగనిరోధక శక్తి లేని చిట్టెలుకల వీపు మీద అతికించి, అదే రోగి రక్తంలోని రోగనిరోధక కణాలను ఉత్తేజపరచి ఎక్కిస్తే, ఎలుక వీపు మీది మానవ చర్మంలో సోరియాసిస్ పుట్టిందని 1996లో బ్రయన్ నికొలాఫ్ ప్రయోగశాల చూపింది.

ఇంతవరకు వినగానే తీర్పు వచ్చేసిందనిపిస్తుంది: లోపం రక్తానిది. అయితే 2004లో ఒనుర్ బోయ్‌మన్, ఫ్రాంక్ నెస్లె తదితరులు చేసిన ప్రయోగం ఆ తీర్పును సగం తిరగరాసింది. వారు కూడా రోగి ఒంటిమీది మామూలు చర్మాన్నే ఎలుకల మీద అతికించారు, కానీ ఏ కణాలనూ ఎక్కించలేదు. అయినా కొన్ని వారాలలో ఆ చర్మం తనంతట తానే సోరియాసిస్‌గా మారింది. రక్తం నుంచి కొత్తగా వచ్చినది ఏమీ లేదు, కాబట్టి వ్యాధికి కావలసిన టి-కణాలు అప్పటికే, మచ్చ కనిపించని ఆ చర్మంలోనే, కాపురం ఉన్నాయన్నమాట. మనిషి చర్మంలో మొత్తం సుమారు 2,000 కోట్ల టి-కణాలు ఉంటాయని, అవి రక్తంలో తిరిగేవాటికి దాదాపు రెట్టింపు అని 2006లో రేచెల్ క్లార్క్ బృందం లెక్కకట్టింది. ఈ రెండు ఫలితాలనూ కలిపి చదివిన రోజున, నా ప్రశ్నను నేనే సరిగా వేయలేదని అర్థమైంది. చర్మమా, రక్తమా అని అడుగుతున్నాను, కానీ రక్తంలో పుట్టిన కణం చర్మంలో స్థిరపడ్డాక అది దేనికి చెందినట్టు?

సోరియాసిస్ తగ్గినట్టే తగ్గి, కొంతకాలానికి సరిగ్గా పాత చోటులోనే, పాత హద్దులతోనే తిరిగి రావడానికి కారణం ఈ స్థిరనివాస కణాలేనని ఇప్పుడు బలమైన ఆధారాలు ఉన్నాయి. ఆ కణాలను నిలిపి ఉంచే సంకేతాలలో 2000లో కనుగొన్న ఐఎల్-23 (ఇంటర్‌ల్యూకిన్లు అనే సంకేత ప్రోటీన్లలో ఒకటి) ముఖ్యమైనది. దాని ప్రేరణతో టి-కణాలు ఐఎల్-17ను విడుస్తాయి. ఐఎల్-17 సోకిన చర్మకణాలు వేగంగా విభజన చెందుతూ మరిన్ని రోగనిరోధక కణాలను పిలుస్తాయి. 2009లో అనుమతి పొందిన ఉస్టెకినుమాబ్‌ను నిజానికి ఐఎల్-12ను అడ్డుకోవడానికి రూపొందించారు. ఐఎల్-12, ఐఎల్-23 రెండింటిలోనూ ఒక భాగం ఉమ్మడిగా ఉండటంతో అది రెండింటినీ పట్టుకుంది. తరువాత ఐఎల్-17 మీద సెకుకినుమాబ్ 2015లో, ఐఎల్-23 ఒక్కదాని మీదే గుసెల్కుమాబ్ 2017లో, రిసాంకిజుమాబ్ 2019లో వచ్చాయి. ఒళ్లంతా పొలుసులతో ఏళ్ల తరబడి పూర్తి చేతుల చొక్కాలలో దాక్కున్న మనుషులు కొన్ని నెలలలోనే చేతులు బయటపెట్టి తిరగగలగడం చూసినవారికి, ఈ మందుల పేర్లు పలకడం ఎంత కష్టమైనా వాటి విలువ వివరించనక్కరలేదు.

ఎగ్జిమాలో, ముఖ్యంగా చిన్నపిల్లలను నిద్రపోనివ్వని అటోపిక్ డెర్మటైటిస్‌లో, వాదన ఎదురుదిశలో నడిచింది. ఇది ఎలర్జీ వ్యాధి, అంటే రోగనిరోధక వ్యవస్థ తప్పు అని దాదాపు అందరూ అనుకుంటున్న సమయంలో, 2006లో డండీ విశ్వవిద్యాలయంలో అర్విన్ మెక్లీన్ బృందం ఫిలాగ్రిన్ అనే చర్మపు ప్రోటీను జన్యువులో లోపాలను కనుగొంది. ఆ జన్యువులో ఒకే రకమైన వరస పది పన్నెండుసార్లు పునరావృతమవుతుంది కాబట్టి దానిని తప్పు లేకుండా చదవడమే అప్పటివరకు ఎవరికీ సాధ్యపడలేదు. ఫిలాగ్రిన్ చర్మపు పైపొరను దట్టంగా బిగించి, ఆ తరువాత తాను విచ్ఛిన్నమై తేమను పట్టి ఉంచే పదార్థాలుగా మారుతుంది. అది తగ్గితే చర్మం పొడిబారి, బయటి పదార్థాలు లోపలికి చొరబడతాయి. మొదట గుర్తించిన రెండు లోపాలనే లెక్కించినా, యూరప్ సంతతివారిలో సుమారు 9 శాతం మంది వాటిలో ఒకటి మోస్తున్నారు.

అయితే ఫిలాగ్రిన్ జన్యువు చక్కగా ఉన్న ఎందరికో కూడా ఎగ్జిమా వస్తుంది. ఆరోగ్యవంతుల చర్మకణాలను పెంచుతూ వాటి మీద ఐఎల్-4, ఐఎల్-13 అనే సంకేత ప్రోటీన్లను చల్లితే, జన్యువు సరిగానే ఉన్నా ఆ కణాలు ఫిలాగ్రిన్‌ను తగ్గించివేస్తాయని 2007లో తేలింది. ఈ ప్రయోగాన్ని నేనూ చేసి చూశాను. పళ్లెంలో పెంచిన కణాలను ఒక జల్లెడలాంటి పొర మీద పరిచి, కిందినుంచి పోషకద్రవం, పైనుంచి గాలి తగిలేలా ఉంచితే, రెండు వారాలలో అవి వరసలు కట్టి, పైన నిర్జీవ పొరతో సహా చిన్న చర్మంగా తయారవుతాయి. సంకేత ప్రోటీన్లు కలిపిన పళ్లేలలో కణాల నడుమ నీరు చేరి, స్పంజిలా ఉబ్బిన పొర ఏర్పడింది. అది ఎగ్జిమా రోగి నుంచి తీసిన ముక్కలో కనిపించే మార్పే. కాబట్టి గోడ కూలితే లోపల అలజడి పుడుతుంది, అలజడి పుడితే గోడ కూలుతుంది. ఎటునుంచి మొదలైనా వలయం ఒకటే. ఐఎల్-4, ఐఎల్-13 రెండింటికీ ఉమ్మడిగా ఉన్న గ్రాహకాన్ని, అంటే కణం మీద ఆ సంకేతాలను అందుకునే ప్రోటీనును, మూసివేసే డుపిలుమాబ్ 2017లో వచ్చినప్పుడు దురద తగ్గడమే కాక, చర్మపు గోడ కూడా కోలుకోవడం కనిపించింది. ఇంటిలో మనం రాసే మామూలు తేమలేపనం అదే వలయాన్ని మరో చివరనుంచి తెంపడానికి చేసే ప్రయత్నం. దానిని చిన్నచూపు చూడకూడదని నా అభిప్రాయం.

ఆ ప్రయోగం చేస్తున్న రోజులలో ఒకసారి ఇంక్యుబేటర్‌లో బూజు చేరి, ఆరు వారాలుగా పెంచుతున్న కణాలన్నీ ఒకే రాత్రిలో పాడైపోయాయి. పోయిన సమయం కన్నా, ఆ ముక్కను ఇచ్చిన మనిషిని మళ్లీ కోయమని అడగలేము కదా అన్న ఆలోచన నన్ను ఎక్కువ కలచివేసింది. ఆనాటినుంచి ప్రతి నమూనాలో సగం కణాలను మొదటి రోజే ద్రవ నైట్రోజన్‌లో, మైనస్ 196 డిగ్రీల వద్ద దాచడం అలవాటు చేసుకున్నాను.

చిట్టెలుకల మీద ఇంత ఆధారపడటం గురించి కూడా చెప్పాలి. ఎలుక చర్మం మన చర్మం కాదు. దాని పైపొరలో జీవకణాల వరసలు రెండు మూడే ఉంటాయి, ఒళ్లంతా దట్టమైన వెంట్రుకలు, చర్మం కిందనే ఒక పలుచని కండర పొర. గాయమైతే మన చర్మం కొత్త పొరను అల్లుకుని మానితే, ఎలుక చర్మం ఆ కండరంతో ముడుచుకుని మూసుకుంటుంది. ఇమిక్విమోడ్ అనే లేపనం రాసి ఎలుకలలో సోరియాసిస్‌ను పోలిన వాపును తెప్పించే పద్ధతి 2009లో వచ్చినప్పటినుంచి ప్రపంచమంతటా వాడుకలోకి వచ్చింది; వారం రోజులలో ఫలితం వస్తుంది కాబట్టి దానికి అంత ఆదరణ. కానీ వారంలో పుట్టి, లేపనం ఆపగానే పోయే వాపు, జీవితకాలం వెంటాడే వ్యాధికి ఎంతవరకు ప్రతినిధి కాగలదు? ఆ పద్ధతి ఒక్కదానితోనే ఏదైనా మందు గొప్పదని చెప్పే వ్యాసాలను నేను ఎప్పుడూ జాగ్రత్తగానే చదువుతాను. 2020లో కార్ల్ కోలర్ బృందం మానవ మూలకణాల నుంచి వెంట్రుకలతో సహా చర్మాన్ని పళ్లెంలో పెంచింది. అందుకు నాలుగైదు నెలలు పడుతుంది, రోగనిరోధక కణాలు అందులో ఉండవు. అయినా దారి అటే ఉందని నమ్ముతున్నాను.

జంతువు లేకపోతే ఒక్క అడుగు కూడా పడని వ్యాధి కుష్ఠు. 1873లో హాన్సెన్ దాని బాక్టీరియాను కనుగొన్నారు, కానీ ఈనాటికీ అది ఏ కృత్రిమ పోషకంలోనూ పెరగదు, పైగా ఒకటి రెండు కావడానికి దాదాపు రెండు వారాలు తీసుకుంటుంది. 1960లో చార్లెస్ షెపర్డ్ దానిని చిట్టెలుక అరికాలిలో పెంచగలిగారు. 1971లో ఆర్మడిల్లో అనే పెంకుజంతువులో పెంచారు. ఆ జీవి ఒంటి వేడి తక్కువగా ఉండటం, చల్లని చోటులను ఇష్టపడే ఆ బాక్టీరియాకు అనుకూలించింది. మందులకు బాక్టీరియా లొంగుతోందా లేదా అని పరీక్షించగలిగింది ఆ అరికాలి పద్ధతి వల్లనే, కుష్ఠు మందైన డాప్సోన్‌కు లొంగని రకాలు పుడుతున్నాయని తెలిసింది కూడా దానితోనే. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన బహుళ ఔషధ చికిత్స ఆ హెచ్చరిక నుంచి పుట్టినదే.

తరలింపు ప్రయోగాలలో అన్నిటికన్నా గొప్పది, ప్రయోగంగా కాక చికిత్సగా జరిగింది. 1975లో జేమ్స్ రైన్‌వాల్డ్, హోవర్డ్ గ్రీన్ మానవ చర్మకణాలను పళ్లెంలో విస్తారంగా పెంచే పద్ధతిని కనుగొన్నారు. అడుగున విభజన ఆపివేసిన ఎలుక కణాలను పరిస్తే, వాటి ఆసరాతో చర్మకణాలు రేకులుగా ఎదుగుతాయి. కొద్ది సంవత్సరాలలోనే కాలిన గాయాలకు ఆ రేకులను అతికించడం మొదలైంది. గ్రీన్ దగ్గర పనిచేసిన మికేలే డె లూకా ఇటలీలో దానిని ఇంకొక మెట్టు ఎక్కించారు. 2015లో జర్మనీలోని బోఖుమ్ ఆస్పత్రిలో, జంక్షనల్ ఎపిడెర్మోలిసిస్ బులోసా వల్ల పైచర్మంలో ఎక్కువభాగం కోల్పోయి చావుబతుకుల మధ్య ఉన్న 7 ఏళ్ల బాలుడి గజ్జల దగ్గర, పొక్కని చోటు నుంచి 4 చదరపు సెంటీమీటర్ల చర్మాన్ని తీశారు. అందులోని కణాలలోకి, లోపించిన లామ్‌బి3 జన్యువుకు సరైన ప్రతిని వైరస్ ద్వారా చేర్చి, రేకులుగా పెంచి, మూడు శస్త్రచికిత్సలలో మొత్తం 0.85 చదరపు మీటర్ల చర్మాన్ని, అంటే ఒంటిలో సుమారు 80 శాతాన్ని కప్పారు. 2017లో ఆ వివరాలు వెలువడేనాటికి బాలుడు బడికి వెళ్తున్నాడు. 5 ఏళ్ల తరువాత పరీక్షించినప్పుడు కూడా ఆ చర్మం గట్టిగానే ఉంది.

ఈ చికిత్స నా మొదటి ప్రశ్నకు ఊహించని జవాబు ఇచ్చింది. జన్యువు ప్రతి కణంలోనూ వేరువేరు చోట అతుక్కుంటుంది కాబట్టి, ఆ చోటే ఆ కణం వంశానికి ఇంటిపేరులా పనిచేస్తుంది. నెలలు గడిచేకొద్దీ బాలుడి చర్మంలోని ఇంటిపేర్లను లెక్కిస్తే, వేలకొద్దీ వంశాలు అంతరించి, కొద్దిపాటి మూలకణాల సంతానమే ఒళ్లంతా నిలిచిందని తేలింది. చర్మం నెలనెలా మారుతుందని చదువుకున్నాం. దానిని మార్చే చేతులు అంత కొద్దివని మనిషి ఒంట్లోనే నేరుగా చూపినది ఈ రేకులే. 2023లో అమెరికాలో మరొక రకం బొబ్బల వ్యాధికి, సరైన జన్యువును మోసే వైరస్‌ను జెల్‌లో కలిపి పుండు మీదే రాసే మందుకు అనుమతి వచ్చింది. ఒళ్లంతా మార్చే శస్త్రచికిత్స కన్నా అది ఎందరికో అందుబాటులోకి వచ్చే మార్గం.

ఈ జ్ఞానమంతా ధర్మబద్ధంగానే వచ్చిందని చెప్పలేను. 1951 నుంచి 1974 వరకు ఫిలడెల్ఫియాలోని హోమ్స్‌బర్గ్ జైలులో ఖైదీల చర్మం మీద ఎన్నో రసాయనాలను పరీక్షించారు. ఆ పరీక్షలు నడిపిన ఆల్బర్ట్ క్లిగ్మన్ మొటిమలకు ఈనాటికీ వాడే ట్రెటినాయిన్‌ను వాడుకలోకి తెచ్చినవాడే. ఏమి రాస్తున్నారో సరిగా చెప్పకుండా, నిరాకరించే స్వేచ్ఛ లేని మనుషుల వీపులను వాడుకున్న ఆ చరిత్రను, ఆ రంగంలో పనిచేసే ప్రతి ఒక్కరూ మొదటి వారంలోనే చదవాలి. ఆ ఖైదీలలో అధికులు నల్లజాతివారు. విచారకరమైన మరో సంగతి ఏమిటంటే, వ్యాధి తీవ్రతను 'ఎరుపు'తో కొలిచే పట్టికలు ఇంకా వాడుకలో ఉన్నాయి. ముదురు రంగు చర్మంలో వాపు ఎర్రగా కాక, ఊదాగానో బూడిదరంగుగానో కనిపిస్తుంది కాబట్టి, ఆ కొలత వారి బాధను తక్కువచేసి చూపుతుంది. దానిని సరిదిద్దడం కొత్త మందును కనుగొనడం కన్నా తక్కువ పనేమీ కాదు.

ఇప్పుడు నా మనసు ఎక్కువగా ఉన్నది బొల్లి మీద. రంగునిచ్చే మెలనోసైట్లు తమంతట తామే బలహీనపడి చనిపోతాయా, లేక వాటిని చంపుతున్నది టి-కణాలా అన్న వాదన చాలాకాలం సాగింది. 2009లో నెదర్లాండ్స్ పరిశోధకులు బొల్లి మచ్చ అంచు నుంచి టి-కణాలను వేరుచేసి, అదే రోగి ఒంటిమీద రంగు చెడని చోటు నుంచి తీసిన చర్మపు ముక్కతో కలిపి పళ్లెంలో ఉంచారు. ఆ టి-కణాలు చర్మంలోకి దూరి, చుట్టూ ఉన్న కణాలను వదిలి, మెలనోసైట్లను వెతికి చంపాయి. ఆ దాడికి మార్గం చూపే సంకేతాలను తగ్గించే రుక్సోలిటినిబ్ లేపనానికి 2022లో అమెరికాలో అనుమతి దొరికింది. ముఖం మీద ఎందరికో రంగు తిరిగివస్తోంది. కానీ మందు ఆపినవారిలో చాలామందికి తెల్లమచ్చ పాత చోటులోనే మళ్లీ తెరుచుకుంటుంది, ఎందుకంటే అక్కడ కాపురమున్న టి-కణాలు నిద్రపోయాయే గాని వెళ్లిపోలేదు. అవి బతకడానికి ఐఎల్-15 అనే సంకేతం కావాలని, దానిని కొద్దికాలం అడ్డుకుంటే చిట్టెలుకలలో రంగు తిరిగివచ్చి నిలిచిందని 2018లో ఒక వ్యాసం వచ్చింది. అదే మనిషి చర్మంలో నిజమవుతుందా అన్నది తేలాలంటే, ఎవరో ఒకరు తమ మచ్చ అంచు నుంచి 4 మిల్లీమీటర్ల ముక్క ఇవ్వాలి, దానిని ఎవరో ఒకరు రాత్రంతా చలిలో ఉంచి, తెల్లవారాక పొరలుగా విడదీయాలి.